సమాజశాస్త్ర పరిభాషయు సరిహద్దు తెలుగు విద్యార్థియు

కర్ణాటక రాష్ట్రమున పదవ తరగతి ముగించి, పదవీపూర్వ కళాశాలలో కళావిభాగమున చేరిన విద్యార్థి రెండు భాషలతో పాటు నాలుగు ఐచ్ఛిక విషయములను చదువవలసియుండును. చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతిశాస్త్రములకు తోడుగా తరచు వచ్చు నాలుగవ విషయము సమాజశాస్త్రము. క్రింది తరగతులలో చరిత్ర భూగోళములతో కలిసి కొంతకొంత వినబడినను, ప్రత్యేక శాస్త్రముగా విద్యార్థికి దానితో పరిచయము కలుగునది ఇచ్చటనే. పదునారు పదునేడేండ్ల ప్రాయమున తన ఇల్లు, తన కులము, తన ఊరు, తన పెండ్లి అనునవి ఒక్కొక్కటిగా ప్రశ్నలై నిలుచుచున్న కాలమున, ఆ ప్రశ్నలనే శాస్త్రముగా బోధించు పుస్తకము చేతికి వచ్చుచున్నది. ఇతర శాస్త్రములలో ఏదియు విద్యార్థి జీవితమునకు ఇంత సమీపమున కూర్చుండునది కాదు.

అట్టి శాస్త్రమును మన సరిహద్దు గ్రామముల తెలుగు విద్యార్థులు తమ జీవితమునకు అత్యంత దూరమైన దానివలె వల్లించుచున్నారు. దీనికి కారణము శాస్త్రము కాదనియు, విద్యార్థి మందబుద్ధి అంతకంటె కాదనియు, శాస్త్రపు మాటకును ఇంటి మాటకును నడుమ వంతెన లేకపోవుటయే కారణమనియు చూపుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. దానితోపాటు మరియొక సంగతిని కూడ చెప్పవలసియున్నది. ఇంటి మాటను పూజించుటయు చాలదు. ఆ మాట ఏమి చూపుచున్నదో, ఏమి దాచుచున్నదో పరీక్షించుటకు శాస్త్రపు మాట కావలెను. ఈ రెండింటి పరస్పర విమర్శయే సమాజశాస్త్ర విద్య.

ఉదాహరణములకు నేను మట్మారి ప్రాంతమును తీసికొనుచున్నాను. రాయచూరునుండి గుంతకల్లు వైపు పోవు రైలు మట్మారి దాటిన పిమ్మట తుంగభద్రను దాటి కర్నూలు జిల్లాలోని మంత్రాలయం రోడ్డు నిలయమును చేరును. నదికి ఈవల కన్నడ రాష్ట్రము, ఆవల ఆంధ్ర రాష్ట్రము. రాయచూరు జిల్లా 1956 నవంబరు 1వ తేదీవరకు హైదరాబాదు రాజ్యములోనిది. ఆనాటి పునర్వ్యవస్థీకరణమున జిల్లాలోని గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరెను; తక్కినది మైసూరు రాష్ట్రమున కలిసెను. రేఖ భూమిమీద గీయబడినది గాని ఇండ్లలోని మాటలమీద గీయబడలేదు. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబములలోని పిల్లవాడు ఇంట తెలుగును, వీధిలో కన్నడమును, సంతలో రెంటిని పలుకును. కళాశాలలో సమాజశాస్త్రమును మాత్రము కన్నడమునగాని ఇంగ్లీషునగాని చదువును. తెలుగును ఒక భాషగా ఎన్నుకొనవచ్చును. తెలుగులో శాస్త్రమును వ్రాయుటకు వీలు లేదు.

1. బంధుత్వ ప్రకరణము

సమాజశాస్త్ర పాఠములలో మన విద్యార్థికి అతి సులభము కావలసినదియు, అతి కఠినముగా తోచుచున్నదియు బంధుత్వ ప్రకరణమే. బంధువులు రెండు తెగలని పుస్తకము చెప్పును: రక్తసంబంధులు, వివాహసంబంధులు. విద్యార్థి ఈ విభాగమును కంఠస్థము చేయును. పిమ్మట మేనమామ ఏ తెగలోనివాడని అడిగినచో రక్తసంబంధి యని వ్రాయును; మార్కులు వచ్చును. కాని ఆ విద్యార్థి నాలుక వేరొకటి చెప్పుచున్నది. తెలుగున తల్లి సోదరుడు మామయే. భార్య తండ్రియు, భర్త తండ్రియు మామయే. తండ్రి సోదరి అత్తయే. భార్య తల్లియు, భర్త తల్లియు అత్తయే. పుస్తకము రెండు గదులలో పెట్టిన మనుష్యులను మన భాష ఒక్క గదిలో కూర్చుండబెట్టినది.

ఇది భాషాదారిద్ర్యము కాదు. ఒక వివాహ నియమము పదరూపమున నిలిచియుండుట. పెదతండ్రి పినతండ్రుల బిడ్డలు, పెదతల్లి పినతల్లుల బిడ్డలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారితో వివాహము ఊహింపరానిది. మేనమామ బిడ్డలు, మేనత్త బిడ్డలు బావలు, మరదులు, వదినెలు, మరదండ్రు. వారితో వివాహము మేనరికము. ఇంగ్లీషున ఈ రెండు వర్గములకును 'కజిన్' అను ఒక్క మాటయే కలదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు రెండవ వర్గమును వేరుచేయుటకు 'క్రాస్ కజిన్' అను కొత్త మాటను కల్పించుకొనవలసివచ్చెను. బావ అను రెండక్షరముల మాట కలిగిన పిల్లవాడు ఆ కల్పితపదమును, దాని అనువాదమును, ఆ అనువాదమునకు నిర్వచనమును వల్లించుచుండుట ఎంతటి విపరీతమో చూడుడు.

శాస్త్ర చరిత్రయే మన పక్షమున సాక్ష్యము పలుకుచున్నది. అమెరికాకు చెందిన న్యాయవాది లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రకటించిన బంధుత్వ పద్ధతుల బృహద్గ్రంథమున తమిళ, తెలుగు, కన్నడ బంధువాచకములను పట్టికలుగా ఇచ్చెను. అమెరికా ఆదిమజాతులలో నొకటియైన సెనెకా ఇరొక్వా జనుల పద్ధతికిని మన పద్ధతికిని గల సామ్యము అతనిని ఆశ్చర్యపరచెను. బొంబాయినుండి వచ్చిన రైలు దారియు, మద్రాసునుండి వచ్చిన రైలు దారియు రాయచూరున కలిసికొనినది కూడ ఆ 1871వ సంవత్సరముననే. ఇరావతీ కర్వే 1953లో ప్రకటించిన గ్రంథమున భారతదేశమును బంధుత్వ దృష్టితో నాలుగు మండలములుగా విభజించి, దక్షిణ మండలపు ప్రత్యేకతను ఈ వివాహ నియమముతో ముడిపెట్టెను. తమిళదేశమున పరిశోధన చేసిన ఫ్రెంచి పండితుడు లూయీ ద్యుమో 1957లో, దక్షిణాదిన వియ్యము ఒక తరముతో ముగియునది కాదనియు, అదియు రక్తమువలె వారసత్వముగా దిగివచ్చుననియు వాదించెను. థామస్ ట్రాట్‌మన్ 1981లో ద్రావిడ బంధుత్వమునకే ఒక సంపూర్ణ గ్రంథము వ్రాసెను. ఇందరు పండితులు దేశాంతరములనుండి వచ్చి పరిశోధించినది మన ఇంటి పిలుపులను. ఆ పిలుపులు పలుకుచున్న విద్యార్థికి మాత్రము తాను ఆ శాస్త్రమునకు సామగ్రి యనిగాని, సాక్షి యనిగాని ఎవరును చెప్పుటలేదు.

ఇచ్చట కన్నడమునకును తెలుగునకును వైరము కల్పించుట తప్పు. కన్నడ పిల్లవాని దొడ్డప్పయే మన పెదనాన్న. అతని చిక్కప్పయే మన చిన్నాయన. దొడ్డమ్మ పెద్దమ్మ, చిక్కమ్మ చిన్నమ్మ. మావ, అత్తె అను మాటలు అనువాదము కూడ కోరవు. రెండు భాషలును ఒకే కట్టడమున కట్టిన ఇండ్లు. రక్తసంబంధ వివాహసంబంధ విభాగము కన్నడ విద్యార్థికిని అంతే అసమంజసము. కాబట్టి మన ఫిర్యాదు కన్నడ మాధ్యమము మీద కాదు. పడమటి కుటుంబమును చూచి చేసిన అచ్చులో మన కుటుంబమును పోసి, అచ్చునకు పట్టని భాగమును విడిచిపెట్టు బోధన మీద.

2. జజ్మానీయా, ఆయమా?

గ్రామ ఆర్థిక సంబంధములను చెప్పునప్పుడు పుస్తకములు తప్పక వాడు మాట 'జజ్మానీ పద్ధతి'. ఈ పేరు శాస్త్రమున స్థిరపడుటకు కారణము విలియం వైజర్ అను అమెరికా మతబోధకుడు 1936లో ప్రకటించిన గ్రంథము. అతడు పరిశీలించినది ఉత్తరప్రదేశములోని ఒక గ్రామమును. ఆ ప్రాంతపు మాట ఆ గ్రంథముతో శాస్త్రమునకెక్కి, శాస్త్రముతో దేశమంతట వ్యాపించి, తుదకు తుంగభద్రా తీరమునకు కూడ వచ్చిచేరెను. మన విద్యార్థి దానిని విని యజమాని అను తెలుగు మాటను తలచుకొని, ఇది యజమానులకును కూలివాండ్రకును సంబంధించిన విషయమని ఊహించుకొనును.

మన ప్రాంతమునకు ఈ విషయమున మాటలు లేవా? విజయనగర కాలమునుండియు గ్రామసేవకులకు ఆయగాండ్లని పేరు. పన్నిద్దరు ఆయగాండ్లను లెక్క తెలుగు కన్నడ దేశములు రెంటను ప్రసిద్ధము. కన్నడమున వారే ఆయగారరు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి మొదలగువారికి పంట నూర్చినప్పుడు కళ్ళమున కొలిచి ఇచ్చు ధాన్యమునకు మేర యని పేరు.

ఈ పేర్ల భేదము కేవలము మాటల భేదము కాదు. జజ్మానీ అను మాట ఇచ్చువానిని బట్టి ఏర్పడినది. సంస్కృతమున యజమానుడనగా యజ్ఞము చేయించువాడు. ఆయము, మేర అను మాటలు పుచ్చుకొనువాని భాగమును బట్టి ఏర్పడినవి. ఒక మాట దాతను చూపును. మరియొక మాట హక్కును చూపును. పని చేసినవానికి పంటలో భాగ మున్నదని చెప్పుట యొకటి, యజమాని దయతలచి ఇచ్చెనని చెప్పుట మరియొకటి. ఇంతటి భేదము గల రెండు దృష్టులను విద్యార్థి ఎదుట పెట్టి, నీ ఊరిలో ఏది నిజమని అడిగినచో అదియే సమాజశాస్త్ర పాఠమగును.

ఈ హక్కు సైతము సమానుల నడుమ హక్కు కాదనునది మరువరాదు. కొలపాత్ర రైతు చేతిలోనిది. మేరలేని చాకిరియు గ్రామమున ఉండెను. దానికి మనవారు పెట్టిన పేరు వెట్టి. కన్నడమున అది బిట్టి. హైదరాబాదు రాజ్యమున వెట్టి ఎంత ఘోరముగా సాగెనో చరిత్ర చెప్పుచున్నది. ప్రతిఫలముతో కూడిన సేవకు ఒక మాట, ప్రతిఫలము లేని సేవకు మరియొక మాట పెట్టిన భాషలో పుట్టిన విద్యార్థి, ఈ రెంటిని కలగలిపిన ఒక్క పరభాషా పదముతో సమాధానము వ్రాయుచున్నాడు. అందువలన పోవుచున్నది భాషాభిమానము మాత్రమే కాదు, వివేచనము.

3. వలస, సుగ్గి, గుళె

వలసను గురించిన పాఠమున నెట్టు కారణములు, లాగు కారణములు అను విభాగము ప్రసిద్ధము. ఎవరెట్ లీ 1966లో చేసిన ప్రతిపాదనమునకు ఇది పాఠశాలా రూపము. కరవు, అప్పు, భూమిలేమి నెట్టును. కూలి, పట్టణము, చదువు లాగును. విద్యార్థి రెండు వరుసలుగా పట్టిక వేసి చూపును. విషయము తేటపడినట్లే తోచును.

మట్మారికి దక్షిణమున నది దాటినచో కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతములలో 'సుగ్గికి పోవుట' అను మాట వినబడును. మిరపకోతల కాలమున కుటుంబములు గుంటూరు ప్రాంతమునకు తరలిపోవుట దానికి అర్థము. కన్నడమున సుగ్గి యనగా పంట ఇంటికి వచ్చు కాలము, సంబరముల కాలము. ఒకే మాట. ఒకచోట తన పంట ఇంటికి వచ్చుట. మరియొకచోట పరుల పంటకొరకు తాను ఇల్లు విడుచుట. ఒక ప్రాంతపు వ్యవసాయము ఎట్లు మారినదో, వర్షాధారపు నేలలమీద ఆశ ఎట్లు తరిగినదో ఈ ఒక్క మాట అర్థము మారిన తీరును పరిశీలించి చెప్పవచ్చును. ఇక రాయచూరు, కొప్పళ, యాదగిరి జిల్లాల కన్నడమున ఊరు విడిచి పనికి పోవుటను గుళె యందురు. సుగ్గికి పోయినవారు కోతలకాలము ముగియగానే తిరిగివత్తురు. గుళె పోయినవారిలో కొందరు బెంగళూరు వంటి పట్టణములలో కట్టడపు పనులలో చేరి పండుగకో జాతరకో మాత్రమే ఊరు చూతురు.

వలస అను సామాన్యపదమున ఈ భేదములు కలిసిపోవును. జనాభా లెక్కలలో కూడ కాలానుగుణముగా పోయివచ్చువారు సరిగా లెక్కకు రారని పరిశోధకులు చెప్పుచున్న మాట సుపరిచితమే. లెక్క చూడజాలని దానిని భాష చూచినది. ఇట్టి మాటలను తరగతి గదిలోనికి రానిచ్చినచో విద్యార్థి ఇరుగుపొరుగు ఇండ్లను చూచి, ఎవరు ఏ నెలలో పోయిరి, ఎవరు పిల్లలను వెంట తీసికొనిపోయిరి, ఎవరు ముసలివారికడ విడిచిరి అని విచారింపగలడు. కర్నూలు జిల్లాలో ఇట్టి పిల్లలకొరకే సీజనల్ హాస్టళ్లు నడపవలసివచ్చినది. సుగ్గికి పోవు ఇంటి విద్యార్థికి నెట్టు కారణములను పుస్తకము చూచి చెప్పవలసిన అవసరమేమి? అతడు చెప్పవలసినది, పుస్తకము తననుండి నేర్చుకొనవలసినది, వేరొకటి కలదు.

4. మాట దాచునది

ఇంతవరకు ఇంటి మాటలోని బలమును చెప్పితిని. ఇక దాని దోషమును చెప్పవలెను. లేనిచో ఇది విమర్శ గాక స్తోత్రమగును.

మన గ్రామములలో భిన్నకులములవారు ఒకరినొకరు మామా, అన్నా, అక్కా అని పిలుచుకొందురు. దీనిని చూచి పల్లె యంతయు ఒక కుటుంబమని మన రచయితలు అనేకులు మురిసిపోయిరి. పిలుపు నిజమే, పంక్తి మాత్రము వేరు. మామా యని పిలిచిన నోటికి ఆ ఇంటి నీరు అందని దినములు ఉండెను. కొన్నిచోట్ల నేటికిని ఉన్నవి. ఊరు అను మాటయే చూడుడు. ఊరు, వాడ అని జంటగా పలుకుదుము. కర్నూలు సీమ వాడుకలో వాడకు గేరి యని పేరు, కన్నడమున కేరి. గేరిలో పుట్టినవాడు ఊరిలోనికి పోవుచున్నానని చెప్పినప్పుడు, తాను ఊరికి వెలుపలివాడనని భాష అతనిచేత పలికించుచున్నది. నిత్యము పలుకు మాట యగుటచేత అందలి క్రూరత్వము చెవికి సోకదు. ఇట్టిచోట శాస్త్రపు మాట కావలెను. సామాజిక బహిష్కరణము అను పదము మొదట బరువుగానే తోచును. కాని గేరి అను మాటను దాని ప్రక్కన నిలిపినప్పుడు, అలవాటైన దానిని అన్యాయముగా చూచు కన్ను తెరచుకొనును.

మేనరికపు విషయమును ఇట్లే పరిశీలింపవలెను. కులమునకు మూలము అంతర్వివాహమని అంబేద్కర్ 1916లో, తన ఇరువదియైదవ ఏట, కొలంబియా విశ్వవిద్యాలయమున చదివిన వ్యాసములో నిరూపించెను. కులములోపల కూడ మనవారు వలయమును ఇంకను చిన్నది చేసి మేనమామకు అక్క కూతురిని ఇచ్చు ఆచారమును నిలుపుకొనిరి. 1955 నాటి హిందూ వివాహ చట్టము ఇట్టి సమీప బంధువుల వివాహమును నిషేధించుచునే, ఆచారమున్నచో మినహాయింపు నిచ్చినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో బంధువుల నడుమ వివాహములు నాలుగింట ఒకవంతుకంటె అధికముగా తేలినవి. దేశమంతటికిని చూచినచో అవి అందులో సగమైనను లేవు.

ఈ లెక్క వెనుక పదవీపూర్వ తరగతిలోని విద్యార్థిని కూర్చుండియున్నది. మామ అను మాట పసితనమునుండి ఆమెకు ప్రేమతో కూడిన మాట. ఆ మాటలోనే ఒక ఏర్పాటును ఇమిడ్చి పెద్దలు ఆమెకు అప్పగించియుండవచ్చును. పదునెనిమిదేండ్లు నిండక చేసిన వివాహము కర్ణాటకమున 2016 నాటి సవరణ ననుసరించి ఆదినుండియే చెల్లనిది. ఆ సంగతి ఆమె తెలిసికొనునది ఏ పాఠములో? అంతర్వివాహమునకు నిర్వచనము వ్రాసి రెండు మార్కులు తెచ్చుకొనిన బాలిక, ఆ నిర్వచనము తన ఇంటి వరండాలో జరుగుచున్న సంభాషణకు సంబంధించినదని గుర్తింపలేకపోయినచో, ఆ చదువు ఆమెకు ఏమి మేలు చేసినట్లు? బంధువాచకములను సమాజశాస్త్ర తరగతిలో చర్చింపవలెనని నేను కోరుట, వానిని కొనియాడుటకు కాదు. ఆమె తనకు తెలిసిన మాటనే కొంచెము దూరమునుండి చూచి, ఇది ప్రకృతి కాదు, మనుష్యులు చేసిన ఏర్పాటు అని తెలిసికొనుటకు. ఆ ఏర్పాటును అంగీకరించుటయో, వలదనుటయో ఆ పిమ్మట ఆమె వివేకమునకు చెందినది.

5. గ్రంథములను గురించి

తెలుగు పల్లెను గురించి శాస్త్రీయ గ్రంథములు లేవనుట సరికాదు. శ్యామాచరణ్ దూబే 1955లో ప్రకటించిన 'ఇండియన్ విలేజ్' హైదరాబాదునకు చేరువనున్న శామీర్‌పేట గ్రామమును గురించినది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయము చేపట్టిన సంఘసేవా కార్యక్రమమునుండి అది పుట్టినది. గ్రామమున మనిషి అంతస్తును నిర్ణయించునవి ఆరని దూబే చెప్పెను: మతకులములు, భూస్వామ్యము, ధనము, ప్రభుత్వోద్యోగమునందును గ్రామవ్యవస్థయందును గల స్థానము, వయస్సు, వ్యక్తి విశిష్టగుణములు. కులమొక్కటే సర్వమనువారికిని, ధనమొక్కటే సర్వమనువారికిని ఇది మంచి సమాధానము. గ్రంథము గొప్పది, కాని దాని పేరులో శామీర్‌పేట లేదు. తెలుగు పల్లె భారతీయ గ్రామమై దేశమునకు ప్రతినిధి యయ్యెను. సంగ్రహ పాఠములకు వచ్చునప్పటికి ఆరు అంశములు మిగిలి, పల్లె మాయమగుట సహజమయ్యెను. తెలుగు విద్యార్థి ఆ ఆరింటిని చదువునప్పుడు ఇవి తన భాష మాటలాడు ఒక ఊరినుండి ఏరినవని చెప్పుట ఉపాధ్యాయుని ధర్మము.

ఎం. ఎన్. శ్రీనివాస్ 1952లో కొడగు జనులను గురించిన గ్రంథమున సంస్కృతీకరణ భావనను ప్రతిపాదించెను. మైసూరు ప్రాంతపు పల్లెను పరిశీలించి ప్రబలకులము అను భావనను ఇచ్చెను. 1970 ఏప్రిల్ 24వ తేదీన అమెరికాలోని స్టాన్‌ఫర్డున జరిగిన అగ్నిప్రమాదమున ఆ పల్లెను గురించి ఏండ్ల తరబడి సిద్ధపరచిన వ్రాతలు కాలిపోగా, జ్ఞాపకమే ప్రధానాధారముగా 1976లో 'ది రిమెంబర్డ్ విలేజ్' ప్రకటించెను. 1948లో నెలల తరబడి ఆ పల్లెలో నివసించి, చూచి, అడిగి తెలిసికొనుటచేతనే ఆ జ్ఞాపకము నిలువగలిగినది. చూపు నిశితమైనచో జ్ఞాపకమును శాస్త్రమునకు ఆధారమగునని విద్యార్థి గ్రహింపదగిన పాఠమిది.

మన సాహిత్యమును కూడ ఈ కోవలో చేర్చవలెను. గురజాడ అప్పారావు 1897లో 'కన్యాశుల్కము' ప్రకటించుచు ఇంగ్లీషున వ్రాసిన పీఠికలో, విజయనగర మహారాజు విశాఖపట్టణ మండలమున సేకరింపజేసిన శుల్కవివాహముల పట్టికను పేర్కొనెను. మూడేండ్లలో నమోదైనవి 1,034 వివాహములు. వధువుల వయస్సులను కూడ గురజాడ అందుండి ఎత్తి చూపెను. ఏడాది వయస్సు శిశువులు సైతము వారిలో ఉండిరి. నాటకమును హాస్యమునకై చదువుదుము, పీఠికను విడిచిపెట్టుదుము. లెక్కను చేతబట్టుకొని నాటకము వ్రాసిన ఆ కవి సమాజశాస్త్ర విద్యార్థికి తొలి తెలుగు గురువు.

సురవరము ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడి, 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును తెచ్చెను. రాజుల పేర్లను ప్రక్కనబెట్టి, కావ్యములనుండి తిండిని, బట్టను, ఆటలను, వేడుకలను, వృత్తులను ఏరి చరిత్ర కట్టిన గ్రంథమది. సురవరము గద్వాల సీమవాడు. ఆ సీమ 1956వరకు మన రాయచూరు జిల్లాలోనిదే. తెలుగువారి సమాజమును గురించి అంతటి గ్రంథము వ్రాసినవాడు ఈ జిల్లా భూమిలో పుట్టెనని చెప్పినప్పుడు విద్యార్థుల కన్నులలో వెలుగు కలుగుట సహజము. కాని ఆ గ్రంథమును కూడ విమర్శతో చదువవలెను. కావ్యము రాజాస్థానమును, అగ్రహారమును చూచినంతగా గేరిని చూడలేదు. కావ్యమున లేనిదానిని నేటి విద్యార్థి తన ఊరిలో అడిగి వ్రాయవలెను.

6. ఆక్షేపములు, సమాధానములు

శాస్త్రము సార్వత్రికము గనుక స్థానిక పదములలో బంధించినచో విద్యార్థి ఊరు దాటలేడని కొందరందురు. దీనిలో సత్యము లేకపోలేదు. కాని సార్వత్రిక మనునది స్థానికమైన అనేకములను పోల్చుటచేత కలుగును. స్థానికమును తుడిచివేయుటచేత కాదు. మేర తెలిసినవాడు జజ్మానీని దానితో పోల్చగలడు. ఏదియు తెలియనివాడు రెంటిని వల్లించును. సోషియాలజీ అను పేరే లాటిను గ్రీకు మాటలను అతికి ఆగస్టు కోంతు చేసినది. పరిభాష పవిత్రమని ఎవరును పట్టుపట్టనక్కరలేదు.

పరిభాషా నిర్మాణమునకు తెలుగు అకాడమి 1968లో ఏర్పడి చేసిన కృషి గణనీయము. ఆంధ్ర తెలంగాణములలోని ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలుగున సమాజశాస్త్రము లభించుచున్నది. కాని అచ్చటి పరిభాషయు అధికభాగము సంస్కృత సమాసములతో కట్టినదే. తెలుగు లిపిలో నున్నంతమాత్రమున మాట ఇంటిది కాదు. అంతకుముందు 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో ఉన్నతశాస్త్రములు బోధించి, దేశభాషలో బోధన సాధ్యమని నిరూపించెను. ఆ భాష రాజ్యములోని తెలుగు, కన్నడ, మరాఠీ ప్రజలలో అధికసంఖ్యాకుల ఇంటి భాష కాకపోవుట దాని లోపము. ఈ రెండు అనుభవములును మనకు పాఠములే.

పరీక్ష కన్నడమునగాని ఇంగ్లీషునగాని వ్రాయవలసియుండగా తెలుగు మాటలతో ప్రయోజనమేమని అడుగువారును కలరు. రాజ్యాంగమున 1956లో చేర్చిన 350ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషా బోధనను ప్రాథమిక దశవరకే చెప్పుచున్నది. కావున కళాశాలలో తెలుగు మాధ్యమమును కోరుట నా వాదము కాదు. ఉత్తరము ఏ భాషలో వ్రాసినను ఉదాహరణము విద్యార్థి ఇంటినుండి రావచ్చును. కన్నడమున వ్రాయుచు, మా ఇండ్లలో దీనిని మేర యందుము, మీరు ఆయ యందురు అని చేర్చుటకు ఏ నియమమును అడ్డురాదు.

7. కర్తవ్యము

ఈ పని ప్రధానముగా తెలుగు ఉపాధ్యాయులది. ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠమును ఛందస్సు, వ్యాకరణము, ప్రతిపదార్థములతో ముగించి, మిగిలినది మాది కాదని మనము అనుకొనుచున్నాము. పద్యమున వచ్చిన మేనమామను వివరించునప్పుడు బంధుత్వ వ్యవస్థను నాలుగు మాటలలో చెప్పవచ్చును. సామెతల పాఠమున ఊరు, వాడ అను జంటను విప్పి చూపవచ్చును. మన విద్యార్థులు పదవీపూర్వ తరగతికి పోవునాటికి ఇట్టి మాటల మూట నొకదానిని చేతికిచ్చి పంపుట మన చేతిలోని పని.

తెలుగు సంఘములు ఉగాది కవిసమ్మేళనములతో పాటు ఒక చిన్న గ్రంథమును సిద్ధము చేయింపవలెనని నా విన్నపము. తుంగభద్ర ఇరుగట్టుల వాడుకలోనున్న బంధుత్వము, వ్యవసాయము, కూలి, వలస, వృత్తులు, వివాహము మొదలగువానికి సంబంధించిన మాటలను తెలుగున, కన్నడమున ప్రక్కప్రక్కన వేసి, ప్రతిదానికి సమాజశాస్త్ర పదమును, ఆ పదము పట్టగలిగినదేదో, పట్టలేనిదేదో రెండు వాక్యములలో వివరించినచో చాలును. మాటలు సేకరింపవలసినది విద్యార్థులే. సరిచూడవలసినది ఉభయభాషల ఉపాధ్యాయులు. గేరినుండి వచ్చిన విద్యార్థియు, సుగ్గికి పోవు ఇంటి విద్యార్థినియు ఆ సంఘమున తప్పక ఉండవలెను. వారు లేనిచో గ్రంథము మరల ఊరి గ్రంథమే యగును.

సరిహద్దున నిలిచిన తెలుగువారమగు మనకు భాష క్షీణించుచున్నదను చింత తరచు కలుగుచున్నది. పాటలు, పద్యములు, పండుగలు దానిని కొంత నిలుపును. కాని బిడ్డలు తమ బ్రతుకును విచారించుటకు ఏ భాష పనికివచ్చునో ఆ భాషను వారు విడువరు. సమాజశాస్త్ర తరగతి అట్టి విచారణకు దొరకిన అవకాశము. ఉభయభాషల ఉపాధ్యాయులును, సంఘములును దీనిని గ్రహించి ఈ పనికి పూనుకొందురుగాక యని ఆశించుచున్నాను.